హాస్టల్‌కు వెళ్లాక మాత్రలు మానేశాడంటే

అన్నగారూ, మీ మేనల్లుడికి పదిహేడేళ్లని, పుట్టుకతోనే హెచ్‌ఐవీ ఉందని, తిరుపతి హాస్టల్‌లో చేరాక మాత్రలు మానేసి ఎవరితోనూ పలకడం లేదని రాశారు. మా అక్క పోయాక ఆమె కొడుకును చిత్తూరులో నేనే పెంచాను. వాడూ అచ్చం ఇలాగే చేశాడు.

ముందు నా తప్పు చెబుతాను. ఇంటికి వచ్చిన ప్రతి ఆదివారం డబ్బా తెరిచి మాత్రలు లెక్కపెట్టేదాన్ని. వాడు లెక్క సరిపోయేలా కొన్ని పారేసి మరీ వచ్చేవాడు! ఒకసారి అలిపిరి మెట్లెక్కుతూ గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు అసలు సంగతి చెప్పాడు. డబ్బా తీస్తే గలగలమంటుందట. రాత్రి తొమ్మిదింటికి ఆ చప్పుడు వినగానే పక్క మంచం కుర్రాడు "రోజూ ఏం మాత్రలురా అవి?" అనేవాడట.

డబ్బాలో దూది కుక్కాం, పైకాగితం పీకేశాం. లోపల తేమ పీల్చే పొట్లం ఉంటుంది, దాన్ని మాత్రం పారేయకండి. వాడు వేసుకునే టీఎల్‌డీ అనే హెచ్‌ఐవీ మాత్ర రోజుకు ఒక్కటే కనుక, ఆ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్‌ను అడిగి వేళను తెల్లవారుజాముకు మార్చుకున్నాం. మీవాడు కొన్నాళ్లు మానేశాడు కాబట్టి ఆ మాట దాచకుండా చెప్పి, ఒంట్లో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష గురించి అడగండి.

వార్డెన్‌కు చెప్పాలా అన్నారు. చెప్పి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే అంటోంది. నేను మంచికే అనుకుని మావాడి సంగతి ఒక బంధువుకు చెప్పాను. ఆ సంక్రాంతికి వాళ్లింట్లో వాడికి విడిగా కంచం పెట్టారు. తిని, కడిగి, బోర్లించి, మాట్లాడకుండా వచ్చేశాడు. అప్పటి నుంచి ఎవరికి చెప్పాలన్నది వాడి ఇష్టానికే వదిలేశాను.

"నేనుండి ఏం లాభం" లాంటి మాట వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఏ రాత్రయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. హెచ్‌ఐవీ సందేహాలకు 1097 ఉంది.

ఇంకొకటి. డాక్టరు దగ్గర మీవాడిని కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి. మావాడి విషయంలో నేను బయట బల్ల మీద కూర్చున్నాను. లోపల వాడు అడిగింది పెళ్లి గురించట. మందులు మానకుండా వాడుతూ, పరీక్షలో వైరస్ కనిపించని స్థాయిలోనే ఉంటే లైంగికంగా భార్యకు సోకదని డాక్టరు చెప్పారట. ఇదంతా వాడే తరవాత బస్సులో చెప్పాడు. నేను లోపల కూర్చుని ఉంటే ఆ ప్రశ్న వాడి నోటి నుంచి వచ్చేదే కాదు.