మోడెం సరిపడలేదంటే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మీద బ్రాడ్‌బ్యాండ్ ఉంది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు మోడెం ఏదైనా బయట కొనుక్కోవచ్చన్నారు. రూ.2,300 పెట్టి కొన్నాను. రోజుకు పది పన్నెండుసార్లు లైన్ తెగిపోతోంది. కంప్లయింట్ చేస్తే, 'మీ మోడెం చిప్‌సెట్ మా ఎక్స్ఛేంజ్ పరికరాలకు సరిపడదు, మా దగ్గర మోడెం తీసుకోండి' అంటున్నారు. కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. ముందు ఒక్క వారం సాక్ష్యం పోగుచేయండి.

వాళ్లు చెప్పేది జరగని విషయమేమీ కాదు. ఎక్స్ఛేంజ్‌లో మీ లైన్ వెళ్లి కలిసే పరికరం పేరు డీశ్లామ్. ప్రమాణాలు అందరికీ ఒకటే అయినా, డీశ్లామ్‌లో ఒక కంపెనీ చిప్, మోడెంలో మరో కంపెనీ చిప్ ఉంటే కొన్ని లైన్ల మీద, ముఖ్యంగా ఎక్స్ఛేంజ్ దూరమైన చోట, సింక్ (రెండు పరికరాల మధ్య లంకె) నిలవదు. అయితే పాత రాగి తీగ, వానకు తడిసిన జాయింటు, స్ప్లిట్టర్ (మాటను, ఇంటర్నెట్‌ను విడదీసే చిన్న డబ్బా) లేకుండా తగిలించిన ఫోను కూడా సరిగ్గా ఇదే ఇబ్బంది పెడతాయి. అందుకే నోటిమాటతో ఒప్పుకోకండి.

బ్రౌజర్‌లో మోడెం అడ్రసు కొట్టి దాని స్టేటస్ పేజీ తెరవండి. ఎస్ఎన్ఆర్ మార్జిన్ (లైన్ మీది రొదను తట్టుకుని సిగ్నల్‌కు ఎంత వెసులుబాటు మిగిలిందో చెప్పేది) అనే అంకె 6 డెసిబెల్స్ కిందికి పడినప్పుడల్లా లైన్ తెగుతుంటే ముందు తీగను అనుమానించాలి. కొన్ని మోడెంలలో ఎక్స్ఛేంజ్ వైపు చిప్ ఎవరిదో కూడా కనిపిస్తుంది. 'బీడీసీఎం' అని ఉంటే అది బ్రాడ్‌కామ్ కంపెనీ చిప్. తేదీ, టైము పడేలా రోజూ ఫోటోలు తీయండి. అదే ఎక్స్ఛేంజ్ మీద బాగా పనిచేస్తున్న మోడెం పక్కింట్లో ఉంటే ఒక్కరోజు అడిగి తెచ్చి మీ లైన్‌కు పెట్టండి. దాంతోనూ తెగితే చిప్‌సెట్ వాదన అక్కడితో పోయింది, లైన్ బాగుచేయాల్సింది కంపెనీయే.

పక్కింటి మోడెంతో లైన్ నిలబడినా మీకు కేసుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11) ప్రకారం చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా సేవాలోపమే. ఏ మోడెంలు సరిపడతాయో తెలిసీ 'ఏదైనా కొనుక్కోండి' అని డబ్బు కట్టించుకున్నారు. నా దృష్టిలో మీ కేసుకు ప్రాణం ఈ మాటే. బయటి మోడెంలు పనిచేస్తాయని తేలాక కూడా తమదే కొనమంటే సెక్షన్ 2(41), అంటే నిర్బంధ వ్యాపార పద్ధతి, కూడా చేర్చవచ్చు. షాపువాడి మీద మాత్రం, మీ లైన్‌కు పనిచేస్తుందని అతను హామీ ఇస్తే తప్ప, కేసు బలహీనం.

టెక్నీషియన్ వచ్చి వెళ్లిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టండి: 'మీ మనిషి ఇవాళ ఇలా అన్నారు. సరిపడే మోడెంల జాబితా రాసివ్వండి.' డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) తీసుకోండి, పరిష్కారం కాకపోతే కంపెనీలోనే అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ అప్పీలు 39 రోజుల్లో తేల్చాలి.

టెలికాం గొడవలు వినియోగదారుల కమిషన్ వినదని ఎవరైనా భయపెడితే నమ్మకండి. 2009 నాటి ఒక తీర్పు వల్ల పుట్టిన మాట అది. 2022 ఫిబ్రవరి 16న వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు ఆ సందేహం తీర్చేసింది. మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. మోడెం ఖర్చు, సేవ అందని రోజుల బిల్లు, మనోవేదనకు పరిహారం, కోర్టు ఖర్చులు అడగండి.

ఈలోగా బిల్లు ఆపకండి. 'అభ్యంతరంతో కడుతున్నాను' అని మెయిల్ పెట్టి కట్టండి. బకాయి చూపించి కనెక్షన్ కోసేస్తే, లైన్ మీద పరీక్ష చేయించే అవకాశం కూడా మీ చేతిలోంచి పోతుంది.