మంత్రి కావాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. వ్యవసాయం, పర్యావరణం రెండూ చూసే మంత్రిని అవుతానంటోంది. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఏం చదివించమంటారు? – ఓ తల్లి

జవాబు: ముందు ఆ నవ్వులు ఆపించండమ్మా. పిల్ల అడిగింది మంచి మాట.

మంత్రి పదవికి కోర్సు లేదు, ప్రవేశ పరీక్షా లేదు. ముఖ్యమంత్రి సలహాపై గవర్నరు నియమిస్తారు. అప్పటికి సభ్యత్వం లేకపోతే ఆరు నెలల్లో ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో కావాలి. ఎమ్మెల్యేకి 25 ఏళ్లు నిండాలి. 175 సీట్ల మన అసెంబ్లీలో ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండకూడదు. కాబట్టి ఆ కుర్చీని కాదు, ఆ పనిని చూసి చదువు ఎంచుకోమనండి.

ఆ పని ఎంత చిక్కైనదో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. ఆ సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షులకు నీళ్లు కావాలి, వరదకు చోటు కావాలి, అక్కడి జనానికి బతుకుతెరువు కావాలి. అధికారులు ఫైల్లో అన్ని వైపులా రాసిపెడతారు. నిర్ణయానికి అసెంబ్లీలో జవాబు చెప్పాల్సింది మాత్రం మంత్రే. మన రాష్ట్రంలో ఇప్పుడు వ్యవసాయం, పర్యావరణం వేర్వేరు మంత్రుల చేతుల్లో ఉన్నాయి. బ్రిటన్‌లో 2001 నుంచి రెండూ ఒకే శాఖ.

మీ ఊరి మిర్చి సంగతే తీసుకోండి. కేంద్రం ఇచ్చే కనీస మద్దతు ధరల జాబితాలో మిర్చి లేదు. ధర పడిపోయినప్పుడు కేంద్రం సాయం కావాలంటే రాష్ట్రం ఢిల్లీని అడగాల్సిందే. 2025లో అలా అడిగాకే మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించారు. పంట తెలిసి, లెక్క తెలిసి, గట్టిగా అడగగలిగినవాళ్లు అక్కడ ఉండాలని నా కోరిక.

అందుకే నా సలహా బీఎస్సీ అగ్రికల్చర్. ఈఏపీసెట్ రాయించండి. ఎన్జీ రంగా వర్సిటీ మీకు దగ్గర్లోనే లాంలో ఉంది, 1945 నాటి వ్యవసాయ కళాశాల బాపట్లలో ఉంది. ఆ డిగ్రీతో వ్యవసాయాధికారి పోస్టుకు పోటీపడొచ్చు, యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకూ రాయొచ్చు.

ఒక్క విషయం ఇప్పుడే చెప్పండి: ప్రభుత్వ ఉద్యోగంలో ఉంటూ ఎన్నికల్లో నిలబడటం కుదరదు, రాజీనామా చేయాలి. రాజకీయమే కావాలంటే 21 నిండగానే సర్పంచిగా, ఎంపీటీసీగా పోటీ చేయొచ్చు. అప్పటికి డిగ్రీ ఆఖర్లో ఉంటుంది. ఏ దారో ఆ వేళకు తనే తేల్చుకుంటుంది.