పిల్లల్ని తెరచాప ఓడ చూపించడానికి తీసుకెళ్తే చరిత్ర మీద నిజంగా ఆసక్తి పుడుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది: ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని పాతకాలపు పెద్ద తెరచాప ఓడ మీదకి తీసుకెళ్తున్నారు, సముద్రయాన చరిత్ర వాళ్లకి కాస్తయినా ఎక్కాలి, కానీ సెల్ఫీలు దిగి బస్సెక్కేస్తారేమోనని టెన్షన్. నేను సోషల్ చెప్తాను, చాలా ఏళ్లుగా పిల్లల్ని ఇలాంటి ఓడలకి తీసుకెళ్తున్నాను. నా జవాబు ఒక్కటే, ఓడని మ్యూజియంలా చూపించకండి, మనుషులు పని చేసి, తిని, పడుకుని, ఒకరినొకరు భరించిన చోటుగా చూపించండి. యుద్ధాలూ తేదీలూ ఆ వెనకే వస్తాయి.

సెల్ఫీలంటారా, దిగనివ్వండి. మొదటి పావుగంట దానికే వదిలేస్తే తర్వాత మన మాట వింటారు.

ఏ ఓడెక్కినా పిల్లల్లో ఎవరో ఒకరు పది నిమిషాల్లో అడిగే ప్రశ్న ఒకటుంది, "వీళ్లు బాత్రూమ్‌కి ఎక్కడికెళ్లేవాళ్లు?" అని. మిగతావాళ్లు కిసుక్కుమంటారు, టీచర్లు మాట మార్చేస్తారు. మార్చొద్దు, ఆ రోజు మొత్తానికి మంచి ప్రశ్న అదే. మామూలు నావికుల మరుగుదొడ్డి ఓడ ముందు కొసన, సముద్రం మీదకి పొడుచుకొచ్చిన చోట ఉండేది. పలకకి ఒక కంత, కింద సముద్రం, అంతే. మరి ముందు కొసనే ఎందుకు? ఇక్కడ జవాబు చెప్పేయకండి, గాలి ఎటు నుంచి వస్తే ఈ ఓడ బాగా నడుస్తుందో అడగండి. అడ్డకొయ్యలకి చదరపు తెరచాపలు కట్టిన ఓడకి గాలి వెనక నుంచో, వెనక పక్క నుంచో రావాలి. అంటే వాసన కూడా ముందుకే కొట్టుకుపోతుంది. అక్కణ్ణుంచి పిల్లలే లాక్కెళ్తారు. మరి కెప్టెన్ గది ఎక్కడ? వెనక. అధికారుల గదులు? అవీ వెనకే. చుక్కాని వెనక ఉంటుంది కాబట్టి కెప్టెన్ దానికి దగ్గర్లో ఉండాలన్నదీ నిజమే, కానీ మంచి గాలి, పెద్ద కిటికీలు, వెలుతురు అన్నీ అటు వైపే పోగయ్యాయని వాళ్లకి చూడగానే తెలిసిపోతుంది. హోదా తగ్గే కొద్దీ మనిషి ముందుకీ, కిందకీ జరుగుతాడు. "ఓడలో సామాజిక వ్యవస్థ" అని బోర్డు మీద రాస్తే ఆవులించే పిల్లలు డెక్ మీద నిలబడి దీని గురించి వాదించుకోవడం నేను చూశాను.

నిద్ర గురించి మాత్రం బయల్దేరక ముందే క్లాసులో చేయించండి. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్‌లో ఉన్న పాత యుద్ధనౌక హెచ్.ఎం.ఎస్. విక్టరీ మీద 1805లో, ట్రఫాల్గర్ యుద్ధం నాటికి, 800 మందికి పైగా ఉన్నారు. అప్పటి బ్రిటిష్ యుద్ధనౌకల్లో ఒక్కో నావికుడి ఊయల పడకకి దక్కిన వెడల్పు 14 అంగుళాలు. నేల మీద టేప్‌తో 14 అంగుళాలకో గీత వేయించి, వాటి మధ్య పక్కపక్కన పడుకోమనండి. భుజాలు పట్టవు, గొడవ మొదలవుతుంది, "ఇది అబద్ధం టీచర్" అంటారు. అప్పుడు అడగండి, రాత్రిపూట ఓడని ఎవరు నడుపుతారు? సగం మంది పైన డ్యూటీలో ఉంటే పక్కవాడి చోటు ఖాళీయే కదా.

దీన్నుంచి ఇంకో చిక్కు ప్రశ్న పుడుతుంది, నాకు బాగా ఇష్టమైనది. రోజుని నాలుగేసి గంటల వంతులుగా విడగొట్టేవాళ్లు, కానీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న సమయాన్ని మాత్రం రెండేసి గంటల వంతులు రెండు చేసేవాళ్లు. ఎందుకంటే వంతులు ఆరే అయితే, రెండు జట్లలో ఒక జట్టుకే ప్రతి రోజూ అర్ధరాత్రి డ్యూటీ పడుతుంది. ఏడు చేస్తే రోజూ మారుతుంది. కాగితం మీద గీసుకుని పిల్లలు దీన్ని వాళ్లంతట వాళ్లే కనిపెట్టగలరు, చెప్పి పాడుచేయకండి.

లెక్కల టీచర్ కూడా వస్తానంటే ఇంకా మంచిది. ఓడ వేగాన్ని ఇప్పటికీ నాట్లలో చెప్తారు కదా (ఇంగ్లీషులో నాట్ అంటే ముడి), అవి నిజంగా తాడుకి వేసిన ముళ్లే. తాడు కొసకి చెక్క ముక్క కట్టి వెనక నుంచి నీళ్లలోకి వదిలి, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవాళ్లు. ముడికీ ముడికీ మధ్య దూరం 47 అడుగుల 3 అంగుళాలు, అంటే సుమారు 14.4 మీటర్లు. మైదానంలో ఒకరు తాడు కొస పట్టుకుని నడుస్తూ వెళ్లాలి, ఇంకొకరు నిలబడి వదులుతూ లెక్కపెట్టాలి. మామూలు నడకకి రెండుకీ మూడుకీ మధ్య వస్తుంది. చోటు చాలకపోతే 14 సెకన్లే చూసి వచ్చిన దాన్ని రెట్టింపు చేయండి, ఓడ బాగా వేగంగా పోయేటప్పుడు నావికులూ అదే చేసేవాళ్లు.

ఇక ఓడ మీద తాడు లాగించడం. ఇది తప్పనిసరి, దీనికోసం ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. చాలా ఓడల్లో గైడ్‌లు వేరు, తెరచాపలతో నిజంగా పని చేసే సిబ్బంది వేరు. సిబ్బందిలో ఒకరిని అరగంట ఇవ్వగలరా అని అడగండి. ముందు ఒక్కరితో లాగించండి, కదలదు. తర్వాత పది మంది ఎవరికి తోచినట్టు వాళ్లు లాగుతారు, అప్పుడూ పెద్దగా కదలదు. అప్పుడు ఎవరో ఒకరు "హైలెస్సా" అంటారు (ఎవరూ నేర్పక్కర్లేదు, అదేంటో దానంతటదే వస్తుంది), ఆ దరువుకి అందరూ ఒకేసారి లాగితే అడ్డకొయ్య లేస్తుంది. నావికుల పాటలు సరదాకి పుట్టినవి కావని తర్వాత ప్రత్యేకంగా పాఠం చెప్పాల్సిన పని ఉండదు.

ఆ తాళ్లు చూశాక లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉన్న కట్టీ సార్క్ గురించి చెప్పండి, ఫొటోలు చూపించినా చాలు. విక్టరీకి 800 మంది కావాల్సొస్తే, తెరచాపలతోనే నడిచే ఈ సరుకు ఓడని దాదాపు 30 మందే నడిపారు. మిగతావాళ్లంతా ఎందుకు? విక్టరీ మీద ఫిరంగులు 104. మనుషులు కావాల్సింది ఓడకి కాదు, ఫిరంగులకి. కట్టీ సార్క్ కథలో ఇంకో మలుపుంది. చైనా నుంచి టీ ఆకు అందరికంటే ముందు తేవడానికని కట్టిన ఓడ అది. నీళ్లలోకి దిగింది 1869 నవంబర్ 22న. సూయజ్ కాలువ తెరిచింది అదే నెల 17న. ఆవిరి ఓడలకి దారి బాగా తగ్గిపోయింది, తెరచాప ఓడలకేమో ఎర్ర సముద్రం గాలులతో ఆ దారి ఏమాత్రం పనికిరాలేదు. తర్వాత అది ఆస్ట్రేలియా నుంచి ఉన్ని మోసి పేరు తెచ్చుకుంది. కొత్త టెక్నాలజీ వచ్చి ఉద్యోగాలు పోవడం గురించి పిల్లలు ఇంట్లో రోజూ వింటున్నదే కాబట్టి ఇది వాళ్లకి ఇట్టే అందుతుంది.

పిల్లలు నోరు తెరుచుకుని వినే కథ ఇంకొకటి చెప్తాను. హెచ్.ఎం.ఎస్. ట్రింకోమలీ అనే యుద్ధనౌకని బొంబాయిలో వాడియా కుటుంబం టేకు కలపతో కట్టింది, 1817లో నీళ్లలోకి దించారు, ఇప్పటికీ ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో తేలుతూనే ఉంది. దాని ప్లాన్లు బొంబాయికి మొదట జావా అనే బ్రిటిష్ ఓడలో పంపారు. 1812 డిసెంబర్‌లో బ్రెజిల్ దగ్గర అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్ ఆ జావాని ఓడించి తగలబెట్టింది. ప్లాన్లు పోయాయి, మళ్లీ పంపాల్సొచ్చింది. ఆ కాన్‌స్టిట్యూషన్ కూడా ఇప్పటికీ బోస్టన్‌లో తేలుతూనే ఉంది. అయితే దానిలో మొదటి కలప చాలా కొద్దిగానే మిగిలింది, మిగతాదంతా మరమ్మతుల్లో మారిపోయింది. "మరి అది అదే ఓడా, కాదా?" అని అడిగి వదిలేయండి, తిరుగు ప్రయాణంలో బస్సు మొత్తం దీని మీదే కొట్టుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఈ ఓడలు అందంగా ఉంటాయి, ఆ అందంలో పడి బానిసల వ్యాపారాన్ని ఒక వాక్యంలో దాటేయడం తేలిక. ఆఫ్రికా నుంచి సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఇలాంటి తెరచాప ఓడల్లోనే ఎక్కించారు, దారిలోనే సుమారు 18 లక్షల మంది చనిపోయారు. ఇది చెప్పాల్సిందే. కానీ దీన్ని పిల్లలతో నటింపజేయొద్దు. నావికుల పడకల గురించి టేప్ వేయించడం వేరు, పిల్లల్ని బానిసల్లా పడుకోబెట్టడం వేరు. రెండోది ఆటైపోతుంది, లేదా ఎవరో ఒక పిల్ల మనసు గాయపడుతుంది. 1788లో బ్రిటన్‌లో బానిసత్వాన్ని వ్యతిరేకించినవాళ్లు అచ్చు వేయించిన బ్రూక్స్ ఓడ బొమ్మ ఉంది, మనుషుల్ని సరుకులా ఎలా సర్దారో చూపించేది. దాన్ని తెచ్చి, కాసేపు ఎవరూ మాట్లాడకుండా చూడమంటే చాలు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకురమ్మనండి, చెప్పులొద్దు. నిచ్చెన మెట్లు నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు మెట్ల వైపు ముఖం పెట్టి దిగాలి. కింది డెక్‌లు ఇరుకు, కాబట్టి ఏడెనిమిది మంది గుంపులు చేయండి. తెరచాప స్తంభాల పైకెక్కనిస్తారా అని పిల్లలు ప్రాణం తీస్తారు, సిబ్బంది బెల్టు కట్టి తామే ఎక్కిస్తే తప్ప వద్దని బస్సులోనే చెప్పేయండి. ఖాళీలు పూరించే వర్క్‌షీట్ ఇస్తే మాత్రం పిల్లలు బోర్డుల మీదున్నది చూసి రాసుకుంటారు, ఓడ వైపు తలెత్తి చూడరు, దాని బదులు గుంపుకో విషయం ఇచ్చి (తిండి, తాళ్లు, సమయం, నిద్ర, జబ్బులు) సిబ్బందిని అడిగి తెలుసుకోమనండి. జబ్బుల గుంపుకి స్కర్వీ ఇవ్వండి, తాజా పండ్లూ కూరలూ లేక నావికులకి వచ్చే జబ్బు అది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో మందు ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. అయినా బ్రిటిష్ నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వమని ఆదేశించింది 1795లో. అన్నేళ్లు ఎందుకు పట్టిందన్నది సైన్స్ టీచర్‌కి అప్పగించండి.

వచ్చాక వ్యాసం రాయమనకండి, "ఓడ చాలా పెద్దగా ఉంది, మాకు చాలా ఆనందం కలిగింది" అని అందరూ ఒకటే రాస్తారు. లాగ్‌బుక్ రాయించండి. ఒక వారం పాటు రోజూ ఒకే వేళకి గాలి ఎటు నుంచి వీస్తోంది, ఎంత బలంగా ఉంది, ఆకాశం ఎలా ఉంది, ఏం జరిగింది, అంతే. నచ్చిందీ నచ్చనిదీ రాయకూడదు. 1750 నుంచి 1850 దాకా ఓడల మీద సరిగ్గా ఇలాగే రాసిన పేజీల్లోంచి శాస్త్రవేత్తలు అప్పటి సముద్రాల మీది గాలుల లెక్కలు తీశారని ఆ వారం అయ్యాక చెప్పండి, ముందు చెప్తే కావాలని తుఫానులు రాస్తారు.