గుంటూరులో కానిస్టేబుల్ పరీక్షకి 1600 మీటర్ల పరుగు 8:20 దగ్గరే ఆగిపోయింది, హాస్టల్ వైఫై కూడా రాత్రిళ్లు కదలదు. ఏం పెంచాలి?

తమ్ముడూ, నీ ప్రశ్నలో రెండున్నాయి. రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తినా 1600 మీటర్లు 8:20 కంటే తగ్గట్లేదు, అర్హతకి 8 నిమిషాలు కావాలి. బ్రాడీపేట హాస్టల్లో 100 ఎంబీపీఎస్ లైనున్నా రాత్రి మాక్ టెస్టు పేజీ తిరుగుతూనే ఉంటుంది, 200 ప్లానుకి మారాలా? రెంటికీ నా జవాబు ఒక్కటే: పెంచడం కాదు, తోయడం ఆపు.

1986 అక్టోబరులో అమెరికాలో ఒక సంగతి జరిగింది. లారెన్స్ బర్కిలీ ల్యాబుకీ బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు, అంటే 400 మీటర్ల ట్రాక్‌లో ఒక రౌండుకి కూడా తక్కువే. ఆ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకి 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకి పడిపోయింది. వైరు తెగలేదు, మెషీన్లు చెడిపోలేదు. అందినట్టు కబురు రావడం ఆలస్యమయ్యేసరికి, ప్యాకెట్ (పంపే డేటా ముక్క) పోయిందనుకుని ప్రతి కంప్యూటరూ మళ్లీ పంపడం మొదలుపెట్టింది. పాతది ఇంకా క్యూలోనే ఉంది, దాని వెనక దాని నకలు చేరింది. క్యూ పెరిగేకొద్దీ కబురు ఇంకా ఆలస్యం, ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా నకళ్లు. లైను నిండా పనే, అందులో పనికొచ్చేది మాత్రం దాదాపు సున్నా. అక్కడి ఇంజినీర్లు వాన్ జాకబ్సన్, మైక్ కారెల్స్ దీనికి చేసిన మందు 1988లో పేపరుగా వచ్చింది: తక్కువతో మొదలుపెట్టు, అందిన కబురు వచ్చేకొద్దీ పెంచు, ప్యాకెట్ పోతే హద్దుని సగానికి దించు, ఆపైన మెల్లగా ఎక్కు. లైను మార్చలేదు, పంపే తీరు మార్చారు.

మీ హాస్టల్ సంగతి ముందు కొలిచి చూడు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 8.8.8.8 (గూగుల్ సర్వరుకి కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం చూపిస్తుంది) కొట్టి, ఆగకుండా నడిచేలా చివర మైనస్ టీ పెట్టు. ఊరికే ఉన్నప్పుడు 15, 20 మిల్లీసెకన్లు చూపించి, స్పీడ్ టెస్ట్ నడుస్తుండగా 300 దాటితే జబ్బు ఎంబీపీఎస్‌లో లేదు, రౌటర్ క్యూలో ఉంది. ఎవడో ఫోన్లో ఫొటోలన్నీ బ్యాకప్‌కి ఎక్కిస్తుంటాడు, అప్‌లోడ్ నిండిపోతుంది, నీ మాక్ టెస్టు ఆ క్యూ చివర నిలబడుతుంది. 200 ప్లాను తీసుకున్నా వాడి బ్యాకప్ దాన్నీ నింపేస్తుంది. ప్రకటనలో వేగం ఎంతో పెద్దక్షరాల్లో వేస్తారు కానీ, లైను నిండినప్పుడు ఆలస్యం ఎంతో మామూలుగా వేయరు.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఉచిత సాఫ్ట్‌వేర్) ఎక్కే రౌటర్ పెట్టి, అందులో క్యూని అదుపు చేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, కేక్ అనే పద్ధతి ఎంచుకోవాలి. డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ కొలిచిన వేగంలో 90 శాతానికి కట్టెయ్యాలి. అప్పుడే క్యూ కంపెనీ పెట్టెలో కాకుండా మన రౌటర్లో, మన చెప్పుచేతల్లో ఉంటుంది. ఆ 10 శాతం వదులుకోవడానికే అందరికీ ప్రాణం ఒప్పదు, అక్కడే చెడుతుంది. చౌక రౌటర్ అయితే ప్రాసెసర్ ఈ పని మోయలేక వేగం ఇంకా పడిపోతుంది, అది చూసుకుని కొనాలి. ఇదంతా చేశాక కూడా పై అంతస్తులో రాకపోతే అది వైఫై గొడవ: 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్లలో ఒకటి పెట్టి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి దించి, ఒక్కో అంతస్తుకి కేబుల్ లాగి అక్కడ వైఫై పెట్టె పెట్టాలి.

ఇక పరుగు. 8 నిమిషాలంటే రౌండుకి 2:00. 8:20 దగ్గర ఆగేవాళ్ల రౌండ్లు విడిగా కొలిస్తే దాదాపు ఇలా ఉంటాయి: 1:40, 2:05, 2:18, 2:17. మొదటి రౌండే మింగేసింది. శరీరం ఆక్సిజన్ అందించగల హద్దు దాటి తోస్తే కండరంలో పేరుకున్నది తీరే సందు ఉండదు, మిగతా మూడు రౌండ్లూ ఆ బాకీ కట్టుకోవడమే. అదే కాళ్లతో 1:58, 1:59, 1:59, 1:55 పరుగెత్తితే 7:51. పక్కన నిలబడి మొదటి రౌండులోనే ‘లాగు, లాగు’ అని అరిచే స్నేహితుణ్ణి ఇంటి దగ్గరే వదిలి రా.

రోజూ ఫుల్ టెస్ట్ కొట్టడం మానెయ్. ఓర్పు ఆటల్లో ఉన్నత స్థాయి క్రీడాకారుల శిక్షణని కొలిచిన వ్యాయామ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్ లెక్కలో దాదాపు 80 శాతం సెషన్లు తేలికవే. నీ వారానికి: మూడు రోజులు 30 నుంచి 40 నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా. ఒక రోజు ఆరు 400లు, ఒక్కోటి 1:55లో, మధ్యలో 90 సెకన్ల నడక. ఆరోది 2:00 దాటిందంటే మొదటివి ఎక్కువ తోసినట్టు, వచ్చే వారం 1:58కి దిగు. పూర్తి 1600 రెండు వారాలకొకసారి చాలు. గుంటూరు ఎండలో ఉదయం ఏడు దాటాక కొలిచిన టైమింగ్‌ని నమ్మకు. రక్తం చర్మాన్ని చల్లబరచడానికి మళ్లుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. అయిదున్నరకే ముగించు.

మర్నాటి కాళ్ల నొప్పికి లాక్టిక్ యాసిడ్ కారణమని చెప్పి నూనెలు అమ్మేవాళ్లని నమ్మకు. పరుగు ఆపాక గంటలోగా లాక్టేట్ మామూలుకి వచ్చేస్తుంది. నొప్పి కండరంలో పడిన సూక్ష్మమైన దెబ్బలది.

ఈవెంట్స్ (శారీరక పరీక్షల) రోజున గుంపుగా వదులుతారు. రెండో లేన్‌లోనే తిరిగితే రౌండుకి సుమారు 7 మీటర్లు ఎక్కువ, నాలుగు రౌండ్లకి 28 మీటర్లు. నీ వేగానికి అది 8 సెకన్లు. మొదటి వంపు లోపే లోపలి గీత పట్టుకో, దాటాల్సి వస్తే నేరుగా ఉన్న చోట దాటు, వంపులో దాటకు.