తుపాకి సీసం, వల సీసం

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో ఉంటాడండి. మొన్న ఆర్నెల్లు అక్కడ ఉండొచ్చాం. పక్కింటి పెద్దాయన గ్యారేజీలో సీసం కరిగించి తన రైఫిల్‌కి తూటాలు తనే చేసుకుంటాడు. కౌబాయ్ సినిమాల్లో మాదిరి కింద లీవర్ లాగి కాల్చే రకం. గుండు ముక్కు మాత్రం తెగ్గొట్టినట్టు మొండిగా ఉంది. సూదిగా ఉంటే కదా దూరం పోయేది? ఇంకో టెన్షన్ ఏంటంటే, ఎనిమిదేళ్ళ మా మనవడు రోజూ ఆయన పక్కనే కూర్చుంటాడు. (కావలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు ముక్కు సంగతి. ఈ రకం రైఫిళ్ళలో ఎక్కువవాటికి తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని అడుగున ఉండే ప్రైమర్‌కి ఆనుకుంటుంది. నిప్పు పుట్టేది ఆ ప్రైమర్‌లోనే. మొన గట్టిగా, సూదిగా ఉంటే, తుపాకి పేలినప్పటి కుదుపుకి అదే ప్రైమర్‌ని పొడిచి గొట్టంలోనే తూటా పేలొచ్చు. అందుకే మొండి ముక్కు. దూరం తగ్గుతుంది, నిజమే, కానీ చెయ్యి మిగులుతుంది. అదే కుదుపుకి గుండు లోపలికి జారకుండా కేసు (మందు నింపే ఇత్తడి డొప్ప) మూతిని గుండు మీదున్న గాడిలోకి బిగించి నొక్కుతారు.

ఆయనది థర్టీ-థర్టీ అయ్యుంటుంది, ఈ రైఫిళ్ళలో బాగా వాడుకలో ఉన్న తూటా అదే. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన వించెస్టర్ 1894 మోడల్‌కి 1895లో వచ్చింది. ఉత్త సీసం దీనికి మరీ మెత్తన, వేగానికి బ్యారెల్ లోపలి గాళ్ళకి పూసుకుపోతుంది. అందుకని అచ్చు బాగా నిండడానికి తగరం, గట్టిదనానికి యాంటిమొనీ అనే పదార్థం కలుపుతారు. సీసం 90 పాళ్ళు, మిగతావి చెరో 5 అన్నది పేరున్న పాళ్ళు. మన పాత ప్రెస్సుల్లో అచ్చక్షరాలు పోసిందీ ఈ మూడిటితోనే, అమెరికాలో మూతపడ్డ ప్రెస్సుల లోహం కోసం ఇలా గుళ్ళు పోసుకునేవాళ్ళు ఎగబడేవాళ్ళు! పోశాక తేనెమైనం కలిసిన పూత, గుండు అడుగున చిన్న రాగి టోపీ. డబ్బు మిగుల్తుందని అందరూ అంటారు గానీ, నన్నడిగితే ఆ మిగిలింది ఇంకో నాలుగు తూటాలు ఎక్కువ కాల్చడానికే పోతుంది.

ఇక మనవడు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, మరిగేది 1749 దగ్గర. మూకుడు మరీ ఎర్రగా కాగితే తప్ప పైకి లేచే సీసం ఆవిరి చాలా తక్కువ. అక్కడ కనిపించే పొగ చాలావరకు మైనానిదీ జిడ్డుదీ. అసలు విషం పైన కట్టే బూడిదలాంటి తెట్టులోనూ, కాల్చిన కేసుల్ని శుభ్రం చేసేటప్పుడు లేచే దుమ్ములోనూ ఉంటుంది, ఎందుకంటే చాలా ప్రైమర్లలో సీసం మందే ఉంటుంది. ఆ దుమ్ము పిల్లాడి చేతికి, చేతి నుంచి బిస్కెట్‌కి. పిల్లలకి ఇంతవరకు పర్లేదు అనే మోతాదే లేదు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే పట్టించుకోమంటోంది. పైగా కరిగిన సీసంలో తడి పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై సీసం ఎగిరి మొహాన పడుతుంది. వాణ్ణి ఆ గ్యారేజీ గడప తొక్కనివ్వొద్దు, ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించమనండి. మొహమాటం అక్కర్లేదు, పని తెలిసినాయనైతే నొచ్చుకోడు, అసలు తనే వద్దనాల్సింది.

ప్రశ్న: విసురువల గుళ్ళు ఇంట్లోనే పోసుకుంటాం. పాత బ్యాటరీ పలకలు చవగ్గా దొరుకుతున్నాయి, వాడొచ్చా అన్నా? (కొత్తపట్నం నుంచి)

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ పలకల్లో యాసిడ్ ఉంటుంది, సీసంతోపాటు యాంటిమొనీ, ఆర్సెనిక్ లాంటివీ ఉంటాయి, వాటి నుంచి విషవాయువులు రావొచ్చు. పాత గుళ్ళే మళ్ళీ కరిగించుకో. కానీ సముద్రంలో నానినవి, నూలు ముక్క అంటుకున్నవి కాగుతున్న మూకుట్లో వెయ్యొద్దు, బాగా ఎండబెట్టి, చల్లటి మూకుట్లోనే వేసి అప్పుడు మంట పెట్టు. ఆ మూకుడు మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. పని ఆరుబయట, పిల్లలు లేనప్పుడు, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుని ఆ తర్వాతే అన్నం. గుళ్ళని పళ్ళతో నొక్కే అలవాటుంటే ఇవాళే మానెయ్.

ప్రశ్న: మా నాన్నగారి పన్నెండు బోర్ తుపాకికి లైసెన్సు ఉంది. పందులు శనగ చేను దున్నేస్తున్నాయి. ఖాళీ తూటాలు మేమే నింపుకోవచ్చా? (కనిగిరి దగ్గరి రైతు)

జవాబు: కుదరదండి. తుపాకి ఉంచుకునే లైసెన్సు వేరు, తూటాలు తయారుచేసే లైసెన్సు వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆ రెండోది లేకుండా చేస్తే, 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా శిక్ష. టెక్సస్ పెద్దాయనకి చెల్లింది మనకి చెల్లదు. పందిని కాల్చడానికి కూడా తుపాకి లైసెన్సు ఒక్కటే చాలదు, 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. పాడైన చేను ఫొటోలతో ఫారెస్టు రేంజ్ ఆఫీసులో అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.