సిటిజన్‌షిప్ తీసుకుంటే నాన్న పొలం పోతుందా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. 2020 అక్టోబరులో గ్రీన్ కార్డు వచ్చింది. ఐదేళ్లు నిండాయి కాబట్టి అమెరికా సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాం. బాబుకి పన్నెండేళ్లు, హైదరాబాద్‌లో పుట్టాడు, వాడికీ గ్రీన్ కార్డు ఉంది. పాప ఇక్కడే పుట్టింది. తణుకు దగ్గర పల్లెలో నాన్నగారి పేరు మీద నాలుగెకరాల పొలం ఉంది, ఎకరం అరవై లక్షల పైన పలుకుతోంది. "నువ్వు అమెరికా పౌరుడివైతే పొలం నీ పేరు మీదకి రాదు, ఈలోపే గిఫ్ట్ డీడ్ రాసేస్తాను" అని ఆయన తొందరపడుతున్నారు. నాకు ఇక్కడి సంపాదన ఇండియా బ్యాంకులో దాచుకున్న ఎన్ఆర్ఈ డిపాజిట్లు, కొన్ని ఇండియా మ్యూచువల్ ఫండ్లు ఉన్నాయి. మా ఆవిడ ఇండియా పాస్‌పోర్ట్‌తోనే ఉండిపోతే మంచిదని స్నేహితులు అంటున్నారు. తర్వాత అమ్మానాన్నల్ని కూడా తెచ్చుకోవాలని ఉంది. ఖర్చెంత అవుతుంది? ఏమైనా నష్టపోతామా?

జవాబు: ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఆ గిఫ్ట్ డీడ్ ఆపమనండి. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు.

ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఇదే మాట ఎన్నో ఇళ్లలో విన్నాను. కానీ ఆయన భయపడుతున్న నష్టం అసలు లేదు. తొందరపడి చేయబోతున్న పనిలోనే ఇబ్బంది ఉంది. ఇండియా విదేశీ మారక చట్టం ఫెమా నిబంధనల ప్రకారం విదేశంలో స్థిరపడినవాళ్లు, ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఎన్నారైలైనా ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లైనా, వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్టుగా కూడా తీసుకోకూడదు. వారసత్వంగా మాత్రం ఇద్దరూ తీసుకోవచ్చు. అంటే ఈ రోజు మీ చేతిలో ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నా ఆ గిఫ్ట్ డీడ్ నిబంధనలకు విరుద్ధమే. రేపు అమెరికా పౌరుడైనా వీలునామా ద్వారా అదే పొలం మీకు చక్కగా వస్తుంది.

రిజిస్ట్రేషన్ రోజున ఈ సంగతి ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. పదేళ్ల తర్వాత పొలం అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నప్పుడు బయటపడుతుంది. డబ్బు బయటికి పంపడానికి సర్టిఫికెట్ ఇవ్వాల్సిన సీఏ దస్తావేజు తిరగేసి, "ఇది మీకు గిఫ్టుగా ఎలా వచ్చిందండీ?" అని అడుగుతారు. అప్పుడు పరుగులు మొదలవుతాయి. సక్రమంగా వారసత్వంగా వచ్చిన పొలమైతే ఇండియాలో ఉంటున్న భారతీయుడికి అమ్మి, డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో (ఎన్నారైలు ఇండియా రాబడి వేసుకునే ఖాతా) వేసుకుని, ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు.

అమెరికా పన్ను వైపు నుంచి చూసినా వీలునామాయే మేలు. నాన్నగారు ఎకరం లక్షకు కొన్నారనుకుందాం. గిఫ్టుగా తీసుకుంటే అమెరికా లెక్కలో మీ కొనుగోలు ధర కూడా ఆ లక్షే. వారసత్వంగా వస్తే ఆయన పోయిన రోజున ఉన్న మార్కెట్ ధరే మీ ధర అవుతుంది. పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే ఇండియాలో క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు, అమెరికాలో అలాంటి మినహాయింపు లేదు. ఇండియాలో పన్ను కట్టలేదు కాబట్టి ఇక్కడ తగ్గించుకోవడానికీ ఏమీ ఉండదు. గిఫ్టు దారిలో వెళితే ఎకరానికి యాభై తొమ్మిది లక్షల లాభం మీద ఇక్కడ పన్ను కట్టాలి. ఇంకో మాట: విదేశంలో ఉన్నవాళ్ల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లకు మించి గిఫ్టుగానో వారసత్వంగానో వస్తే ఫారం 3520 వేయాలి. పన్ను ఉండదు, చెప్పడమే. చెప్పకపోతే జరిమానా ఆ విలువలో 25 శాతం వరకు వెళ్తుంది.

కాబట్టి నాన్నగారిని వీలునామా రాయమనండి. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించమనే చెబుతాను. అమ్మగారికి ఏం రావాలో, తోబుట్టువులుంటే వాళ్లకు ఏం రావాలో పేరుపేరునా రాయించండి.

ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల గురించి టెన్షన్ వద్దు. మీరు అమెరికాలో స్థిరపడిన రోజే మారాల్సిన రూల్స్ మారిపోయాయి. సిటిజన్‌షిప్ వచ్చాక కొత్త పాస్‌పోర్ట్, ఓసీఐ కార్డు ఇచ్చి బ్యాంకులో, ఫండ్ల దగ్గర కేవైసీ మార్పించుకుంటే చాలు. పాన్ నంబర్ అదే ఉంటుంది.

మీ ఆవిడ విషయంలో స్నేహితుల సలహాతో డబ్బు పరంగా కలిసొచ్చేదేమీ నాకు కనిపించలేదు. గ్రీన్ కార్డు ఉన్నా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకు లెక్క చెప్పాల్సిందే, పౌరులకూ అంతే. పైగా చాలామందికి తెలియనిది ఒకటుంది. గత పదిహేనేళ్లలో ఎనిమిది పన్ను సంవత్సరాలు గ్రీన్ కార్డు ఉంటే, దాన్ని వదులుకునేటప్పుడు పౌరసత్వం వదులుకునేవాళ్లకు వర్తించే ఎగ్జిట్ ట్యాక్స్ (వదిలి వెళ్లేటప్పుడు ఆస్తుల మీద వేసే పన్ను) నిబంధనలే వర్తిస్తాయి. ఏడాదిలో ఒక్కరోజు కార్డు ఉన్నా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. మీకు 2020 మొదటిది, 2027 ఎనిమిదోది. ఇండియాకు శాశ్వతంగా తిరిగి వెళ్లే ఆలోచన ఏ మూలైనా ఉంటే ఆ లోపే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. లేదంటే ఇద్దరూ కలిసే అప్లై చేయండి.

ఇప్పుడు నన్ను నిజంగా కలవరపెడుతున్న విషయానికి వస్తాను. ఎన్ఆర్ఈ డిపాజిట్ల వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, కాబట్టి ఇక్కడ రిటర్నులో చూపించనక్కర్లేదనుకునేవాళ్లు మనవాళ్లలో చాలామంది. అది పొరపాటు, ఇక్కడ ఆ వడ్డీ పూర్తిగా ఆదాయమే. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల రిపోర్టు వేయాలి. మ్యూచువల్ ఫండ్లు అమెరికా పన్ను లెక్కలో పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీలు) కింద వస్తాయి, వాటికి ఫారం 8621 ఉంది. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400లో పన్ను బకాయిల గురించి అడుగుతారు, మీరు నిజమేనని ప్రమాణం చేసి సంతకం పెడతారు. తెలియక వదిలేసినవి ఉంటే ముందు సరిదిద్దుకోండి. అలాంటివాళ్ల కోసమే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది: మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్‌లు, ఇక్కడ ఉంటున్నవాళ్లకు చూపించని ఆస్తుల గరిష్ఠ విలువ మీద 5 శాతం జరిమానా. ఇండియా వ్యవహారాలు తెలిసిన సీపీఏ (ఇక్కడి అకౌంటెంట్) దగ్గరకే వెళ్లండి. ఇది పూర్తయ్యాకే అప్లికేషన్.

ఖర్చు మీరనుకున్నంత పెద్దది కాదు. ఎన్-400 ఆన్‌లైన్‌లో మనిషికి 710 డాలర్లు, కాగితం మీద అయితే 760. మీరిద్దరూ ఆన్‌లైన్‌లో వేస్తే 1,420. పెద్దవాళ్ల పాస్‌పోర్ట్ 165 చొప్పున, బాబుది 135. బాబుకి విడిగా దరఖాస్తు అక్కర్లేదు. పద్దెనిమిది నిండని, గ్రీన్ కార్డుతో మీ దగ్గరే పెరుగుతున్న పిల్లాడు మీలో ఒకరు పౌరులైన రోజే తానూ పౌరుడవుతాడు. వాడికి సర్టిఫికెట్ కోసం ఎన్-600 వేయాలంటే ఆన్‌లైన్‌లోనే 1,335 డాలర్లు. పాస్‌పోర్ట్ కూడా పౌరసత్వానికి రుజువే, కాబట్టి ఇప్పటికి దానితో సరిపెట్టుకోమంటాను. ఇండియా వైపు పాస్‌పోర్ట్ సరెండర్ 175, ఓసీఐ 275, ముగ్గురికీ 1,350. మొత్తం 3,235. సర్వీసు చార్జీలు, ఫొటోలు, కొరియర్ కలిపి 3,500 పక్కన పెట్టుకోండి. ఫీజులు మారుతుంటాయి, కట్టే రోజు మళ్లీ చూసుకోండి. అరెస్టు, డీయూఐ (తాగి బండి నడిపిన కేసు), ఆరు నెలలు మించిన ప్రయాణం లాంటివేమీ లేకపోతే లాయరు లేకుండానే దరఖాస్తు వేసుకోవచ్చు.

అసలు పెద్ద ఖర్చు అమ్మానాన్నల్ని తెచ్చుకోవడంలో ఉంది. పౌరులయ్యాక వాళ్లకు గ్రీన్ కార్డు కోటా లైను లేకుండా వస్తుంది, నిజమే. కానీ అరవై ఐదు దాటినా ఇక్కడ ఐదేళ్లు వరుసగా ఉంటే తప్ప పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లో చేరలేరు. అప్పటిదాకా ఇన్సూరెన్స్ బయట కొనాలి. చేరాక కూడా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేదు కాబట్టి 2025 రేట్ల ప్రకారం పార్ట్ ఎ (ఆసుపత్రి బీమా) నెలకు 518, పార్ట్ బి (డాక్టర్ల బీమా) 185 డాలర్లు. ఇద్దరికీ నెలకు 1,406. ఊడ్పులకు, కోతలకు తణుకు వెళ్లి నెలల తరబడి ఉండే నాన్నగారి గ్రీన్ కార్డు నిలవడమూ కష్టమే. వాళ్లు పొలం వదిలి రావడానికి మనసారా సిద్ధంగా ఉన్నారో లేదో ముందు అడగండి. లేకపోతే విజిటర్ వీసా మీద వచ్చి వెళ్లడమే వాళ్లకూ మీకూ సుఖం.

చివరిగా ప్రయాణాల మాట. ప్రమాణం చేసిన రోజు గ్రీన్ కార్డు వెనక్కి తీసుకుంటారు, ఇండియా పాస్‌పోర్ట్‌తో ప్రయాణం చేయకూడదు. అమెరికా పాస్‌పోర్ట్ వచ్చి, ఓసీఐ గానీ వీసా గానీ చేతికందేదాకా ఊరెళ్లలేరు. మా క్లయింట్ ఒకరు చెల్లెలి పెళ్లికి మూడు వారాల ముందు ప్రమాణం చేశారు. అర్జెంటు ఫీజులు కట్టి, టికెట్లు రెండుసార్లు మార్చుకుని, తాళి కట్టే వేళకి ఫోన్లోనే చూశారు. నాన్నగారి ఆరోగ్యం ఎలా ఉందో కనుక్కోండి. ఒకసారి చూసి రావాలనిపిస్తే ప్రమాణం తేదీకి ముందే వెళ్లి రండి, వీలునామా పని కూడా ఆ ప్రయాణంలోనే దగ్గరుండి పూర్తి చేయించొచ్చు.