హాకా యుద్ధనృత్యమే కదా? ఆటకి ముందు నాలుక ఎందుకు చాపుతారు?

రగ్బీ వీడియో చూసి అడిగినట్టున్నారు. హాకా న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల ఆట-పాట, అక్కడి రగ్బీ జట్టు ఆటకి ముందు చేస్తుంది. నాలుక సంగతి ముందు తేల్చేద్దాం. దాన్ని ఫెతెరో అంటారు, మగవాళ్ళే చేస్తారు. ఎదుటివాణ్ణి లెక్కచేయం అని చెప్పడం. ఆడవాళ్ళు గుడ్లురుముతారు గానీ నాలుక చాపరు. అందరి చూపూ ఆ నాలుక మీదే ఉంటుంది గానీ, హాకా ప్రాణం చేతుల్లో ఉంది.

వేళ్ళు సన్నగా వణుకుతుంటాయి చూడండి, దాని పేరు విరి (మన పువ్వు కాదు). మావోరీల కథలో సూర్యుడి భార్య హినె రౌమతి, అంటే వేసవి. వాళ్ళ కొడుకు తానె రోరె తల్లి కోసం ఆడతాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నేల మీద గాలి అల్లల్లాడుతుందే, అదే ఆ పిల్లాడి ఆట. చేతుల వణుకు దానికి గుర్తు. ఈ కథలో యుద్ధం ఎక్కడుంది? అతిథులు వచ్చినా, ఎవరైనా పోయినా, పెళ్ళయినా హాకా ఉంటుంది.

యుద్ధానిది వేరే ఉంది: పెరుపెరు. ఆయుధాలు పట్టుకుని అందరూ ఒక్కసారే గాల్లోకి ఎగరాలి. పెద్దవాళ్ళు తల నేల దాకా వంచి పాదాల కింద సందు చూసేవారు. ఒక్క పాదం వెనకబడినా అపశకునమే.

రగ్బీతో ఊరూవాడా తెలిసిన 'కా మతే' అనే హాకా అయితే దాక్కున్నవాడి పాట. 1820 ప్రాంతంలో న్గాటి తోవా అనే మావోరీ తెగ నాయకుడు తె రౌపరాహాను శత్రువులు తరిమారు. రోటోఐరా సరస్సు దగ్గర ఆయన్ని చిలగడదుంపల పాతరలోకి దించి, ఆశ్రయమిచ్చిన నాయకుడి భార్య పాతర మూతి మీద కూర్చుంది. ఆడమనిషి కూర్చున్నచోట వెతికేవాళ్ళ మంత్రాలు పారవని నమ్మకం. శత్రువులు దగ్గరికొస్తే 'కా మతే', చచ్చాను. దాటిపోతే 'కా ఓరా', బతికాను. చివర్లో మెట్టు మీద మెట్టెక్కి బయటపడితే 'ఫితి తె రా', ఎండ కాసింది. దీన్ని పట్టుకుని యుద్ధనృత్యం అంటే ఒళ్ళు మండదా!

పాటకి ముందు హాకా నడిపించేవాడు వరస చెబుతాడు. రింగా పకియా: తొడలు చరచండి. ఉమా తిరాహా: రొమ్ము విరవండి. తురి ఫతియా: మోకాళ్ళు వంచండి. హోపె ఫై అకె: నడుము వెంట రావాలి. ఆ తర్వాత కాళ్ళతో నేలను ఎంత గట్టిగా తొక్కగలిగితే అంత గట్టిగా. సరదాకి నేర్చుకునేవాళ్ళు మోకాళ్ళ దగ్గరే తప్పుతారు. నిటారుగా నిలబడి తొక్కితే ఒళ్ళంతా ఎగిరిపడుతుంది, మాట మధ్యలో ఊపిరి తెగుతుంది. కుంగి తొక్కితేనే బరువు నేలలోకి దిగుతుంది. అరుపు కడుపులోంచి రావాలి, గొంతుతో అరిస్తే రెండోసారికే బొంగురు. విరి అంటే టాటా చెప్పినట్టు చెయ్యి ఊపడం కాదు, ముంజేతి నుంచి వచ్చే సన్న వణుకు.

న్యూజిలాండ్ జట్టే ఏళ్ళ తరబడి తూతూమంత్రంగా కానిచ్చింది. 1987 ప్రాంతంలో బక్ షెల్‌ఫర్డ్, హికా రీడ్ అనే మావోరీ ఆటగాళ్ళు పట్టుబట్టాకే గాడిన పడింది.

ఇంకో మంట. 2014లో అక్కడ చట్టమే తెచ్చారు: సినిమాలోనో, ప్రకటనలోనో కా మతే వాడుకుంటే తె రౌపరాహా పేరు వేయాలని. దాని ప్రకారం రాయల్టీ కట్టక్కర్లేదు, పేరు వేస్తే చాలు. మన వాట్సాప్‌లో తిరిగే వీడియోల కింద మాత్రం 'ఆదివాసీ యుద్ధనృత్యం' అని ఉంటుంది.